అణకువ గల పిల్ల అని రాశాను

నా ఉద్యోగంలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు సంతకం పెట్టిన అబద్ధం ఒకటుంది. "ఈ విద్యార్థిని నేను దగ్గరగా ఎరుగుదును" అన్న వాక్యం అది. కొందరి విషయంలో వాళ్ళ ఇంటిపేరు కూడా నాకు సరిగ్గా తెలియదు.

బహ్రెయిన్‌లో, మనామాలోని ఒక ఇండియన్ స్కూల్లో పదకొండు, పన్నెండు తరగతులకు జీవశాస్త్రం చెప్పాను. తొంభైలన్నీ అక్కడే గడిచాయి. కాకినాడ నుంచి బయల్దేరినప్పుడు కప్పను కోయడం, మూత్రపిండం బొమ్మ గీయించడం, పరీక్ష పేపర్లు దిద్దడం, ఇంతే నా పని అనుకున్నాను. వెళ్ళాక తెలిసింది, మెడిసిన్‌కు దరఖాస్తు చేసే పిల్లల కాగితాలన్నీ జీవశాస్త్రం టీచరు నెత్తినే పడతాయని. సిఫారసు ఉత్తరం టీచరు రాయాలి. పిల్ల తన గురించి తాను రాసుకునే వ్యాసం టీచరు దిద్దాలి. ఆ విద్య బి.ఎడ్.లో ఎవరూ నేర్పలేదు.

ఇప్పుడు గల్ఫ్ స్కూళ్ళకు వెళుతున్న కుర్ర టీచర్లు ఫోన్ చేసి సిలబస్ గురించి, ఇంటద్దె గురించి, ఎండ గురించి అడుగుతారు. ఉత్తరాల గురించి అడిగినవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు. అడక్కపోయినా చెబుతున్నాను. రిటైరయ్యాక కోపం చల్లారుతుందని అందరూ అన్నారు. నాకు చల్లారలేదు. బీపీ మాత్ర వేసుకుని మరీ ఇది రాస్తున్నాను.

ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క ఉత్తరం

మా స్కూలు ఆఫీసు కంప్యూటర్లో ఒకే ఒక్క సిఫారసు ఉత్తరం ఉండేది. అందులో ఆరు వాక్యాలు. విద్యార్థి తెలివైనవాడు, కష్టపడతాడు, పెద్దలంటే గౌరవం, సత్ప్రవర్తన కలవాడు, దైవభక్తి ఉంది, ఇతని భవిష్యత్తు ఉజ్జ్వలంగా ఉండాలని కోరుకుంటున్నాను. టైపిస్టు జోసెఫ్ పేరు మార్చి అచ్చు తీసేవాడు, మేం సంతకం పెట్టేవాళ్ళం. ఒకసారి ఒక ఆడపిల్ల ఉత్తరమంతా "అతడు, అతడి" అనే వెళ్ళింది. మరొకసారి ఒక పిల్లవాడు హాకీ జట్టు కెప్టెన్ అని వెళ్ళింది. మా స్కూలుకు హాకీ జట్టే లేదు. ఆ హాకీ ఎక్కడి నుంచి వచ్చిందో జోసెఫ్‌కీ తెలియదు.

ఇదేమిటని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అందరికీ ఒకటే రాస్తే ఏ తండ్రీ గొడవకు రాడు మేడం. ఒకరికి ఎక్కువ రాశారో, రేపు పదిమంది నా గదిలో ఉంటారు" అన్నారు.

ఆ జవాబులో పిల్లలు ఎక్కడా లేరు. ఉన్నది ఆయన గది, ఆయన ప్రశాంతత. నాకు ఒళ్ళు మండింది. మండి ఏం చేశాను? వెళ్ళి మిగిలిన పద్నాలుగు కాగితాల మీద సంతకాలు పెట్టాను. మన కోపాలు చాలావరకు స్టాఫ్ రూములో టీ తాగేసరికి ఆరిపోయే కోపాలు.

మేనేజరు గారి ఫైలు

అందరికీ ఒకే ఉత్తరం అన్న ఈ ధర్మం డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళకు మాత్రం వర్తించేది కాదు. ఒక వ్యాపార సంస్థలో పెద్ద మేనేజరు, మన గుంటూరు వైపు మనిషే, ఒకరోజు మందపాటి కాగితం మీద ముందే టైపు చేయించిన ఉత్తరం తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"మీకెందుకండీ శ్రమ. చదవక్కర్లేదు కూడా. సంతకం చాలు" అన్నాడు.

చదివాను. వాళ్ళబ్బాయి రెండు వేసవులు ఆసుపత్రిలో రోగులకు సేవ చేశాడట. కప్ప ఛాతీ తెరిచిన రోజు ఆ అబ్బాయి ల్యాబులో కళ్ళు తిరిగి పడిపోతే నేనూ అటెండరూ మోసుకొచ్చి పడుకోబెట్టాం. పిల్లవాణ్ణి పక్కకు పిలిచి ఏ ఆసుపత్రి అని అడిగాను. బూట్ల వంక చూసుకుంటూ, "మా అంకుల్‌ వాళ్ళది, టీచర్. రెండుసార్లు వెళ్ళా. ఏసీ గదిలో కూర్చోబెట్టారు" అన్నాడు పాపం. వాడు మంచివాడే. వాడికి కంప్యూటర్లంటే ప్రాణం.

ఆ తండ్రి స్కూలు కమిటీలో సభ్యుడు. ప్రిన్సిపాల్ గదిలోంచి ఫోన్ వచ్చింది. సంతకం పెట్టాను. వాడు మెడిసిన్‌లో చేరాడు, రెండో ఏడు వదిలేశాడు, కంప్యూటర్లలోకి పోయి హాయిగా ఉన్నాడు. నాకు వాడి మీద కోపం లేదు. వాడు ఖాళీ చేసిన ఆ సీటు ఎవరిదై ఉండేదో అన్న ఆలోచన మాత్రం ఇప్పటికీ నన్ను వదలదు.

తహసీన్

ఇదంతా నేను తహసీన్ గురించి చెప్పడానికే మొదలుపెట్టాను.

తహసీన్ తండ్రి జబ్బార్ భాయ్‌ది జగిత్యాల దగ్గర పల్లెటూరు. బేకరీ వ్యాను నడిపేవాడు. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో కోల్డ్ స్టోర్ అని అక్కడ పిలిచే ఒక కిరాణా కొట్టు పైన రెండు గదుల్లో కుటుంబంతో ఉండేవాడు. పేరెంట్స్ మీటింగ్‌కు మొదటిసారి వచ్చినప్పుడు నేను తెలుగుదాన్నని తెలిసి ఆయన ముఖం విప్పారింది.

"దుబాయికి వచ్చి పదహారేండ్లాయె మేడం. మన మాట మాట్లాడే టీచరమ్మ దొరుకుడు ఇదే పస్టు" అన్నాడు.

"ఇది బహ్రెయిన్ కదా జబ్బార్ భాయ్" అన్నాను నవ్వుతూ.

"మా ఊరోళ్ళకు అంతా దుబాయే మేడం. మా పోరికి డాక్టర్ చదువాలని ఉన్నది. జర మీరు సూడుండ్రి."

చూడటానికేముంది, ఆ పిల్లే నన్ను నిలబెట్టి ప్రశ్నలడిగేది. బోర్డు మీద నేను బొమ్మ పూర్తి చేసేలోగా చెయ్యి లేచేది. అడ్డదిడ్డం ప్రశ్నలు కావవి. ఒకసారి మూత్రపిండం పాఠంలో, "మేడం, చెమట ఎక్కువ పోతే మూత్రం తక్కువైతదన్నరు. మరి ఎండల పనిచేసేటోళ్ళ కిడ్నీలు ఏమైతయి?" అని అడిగింది. పుస్తకంలో లేదు, రేపు చెబుతానన్నాను. మర్నాడు నేను మరిచిపోయాను, ఆ పిల్ల మరవలేదు.

మార్కుల్లో ఆ ఏడు క్లాసులో మొదటిది. అయినా ఇండియాలో ప్రైవేటు కాలేజీల్లో గల్ఫ్ పిల్లలకిచ్చే సీటు కొనే స్తోమత జబ్బార్ భాయ్‌కు ఏడు జన్మలెత్తినా రాదు. ఒకే ఒక్క దారి ఉంది. విదేశంలో ఒక వైద్య కళాశాల ఆ ఏడాది గల్ఫ్‌లో చదివే భారతీయ పిల్లల్లో ఒకరికి ఫీజు లేకుండా సీటిస్తామంది. మార్కులు, పిల్ల రాసిన వ్యాసం, సీలు వేసిన కవర్లో టీచరు ఉత్తరం, ఆ తర్వాత మనామాలోనే ఇంటర్వ్యూ. తహసీన్‌కు అది దొరికితే డాక్టరు, దొరక్కపోతే లేదు. ఈ సంగతి ఆమెకు తెలుసు, వాళ్ళ నాన్నకు తెలుసు, నాకూ తెలుసు.

నువైద్రాత్ క్లినిక్

శుక్రవారాలు జబ్బార్ భాయ్ నువైద్రాత్ వైపు లేబర్ క్యాంపులకు రొట్టెలు వేయడానికి వెళ్ళేవాడు. అక్కడ కురియన్ అని ఒక మలయాళీ డాక్టరు చిన్న క్లినిక్ నడిపేవాడు. సెలవు రోజు కాబట్టి కూలీలు ఆ పొద్దున్నే వచ్చేవాళ్ళు. కరీంనగర్, నిజామాబాద్, శ్రీకాకుళం మనుషులు. డాక్టరుకు తెలుగు రాదు, వాళ్ళలో చాలామందికి హిందీ అంతంత మాత్రం. తండ్రితో వ్యానులో వెళ్ళిన తహసీన్ అక్కడ కూర్చుని వాళ్ళ మాట డాక్టరుకు, డాక్టరు మాట వాళ్ళకు చెప్పేది. ఏడాదిన్నర పాటు ఒక్క శుక్రవారం మానలేదు.

ఈ సంగతి నాకు ఆ పిల్ల చెప్పలేదు. కురియన్ గారే ఒక పెళ్ళి విందులో కలిసి చెప్పాడు.

"టీచర్, నడుము పక్క నొప్పితో వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ వస్తారు. కిడ్నీలో రాళ్ళు. నీళ్ళు బాగా తాగండని ఎనిమిదేళ్ళుగా చెబుతున్నాను, మాత్రలిచ్చి పంపిస్తున్నాను. మీ అమ్మాయి ఒకరోజు నా ముందే వాళ్ళని అడిగింది, 'నీళ్ళు ఎందుకు తాగరు భాయ్?' అని. నేనెప్పుడూ అడగలేదు ఆ మాట."

వాళ్ళేం చెప్పారో తర్వాత తహసీన్ నోటే విన్నాను.

"సైటు కాడ నీళ్ళున్నయి మేడం. కానీ తాగితే మూత్రానికి పోవాలె. పాయిఖానా ఎక్కడ్నో దూరం ఉన్నది. పోయి వచ్చేటాలకు ఫోర్‌మన్ గంట పైసలు కోత పెడుతడంట. అందుకని దూప అయినా ఓర్సుకుంటరు. ఇగ మాత్రలతోని ఏం తగ్గుతది?"

కురియన్ గారు ఆ కంపెనీలకు ఫోన్లు చేశాడు. ఒక కంపెనీ సైటు పక్కనే పాయిఖానా పెట్టించింది. మిగతావి వినలేదు. అయినా పదిహేడేళ్ళ పిల్ల ఒక ప్రశ్నతో అంత పని చేసింది. వైద్యానికి కావలసింది ఇంతకన్నా ఏముంటుంది? నాకే గనక బుద్ధి ఉంటే ఈ ఒక్క సంగతీ కాగితం మీద పెట్టి ఊరుకునేదాన్ని.

నేను రాసిన ఉత్తరం

తహసీన్ తన వ్యాసంలో మొదట రాసింది ఆ క్లినిక్ గురించే. ప్రిన్సిపాల్ గారు చదివి నన్ను పిలిచారు. మైనరు పిల్ల లేబర్ క్యాంపుల చుట్టూ తిరుగుతోందని మనమే రాసిస్తామా, ఏదన్నా అయితే స్కూలు పేరు ఏమవుతుంది, కంపెనీల మీద ఫిర్యాదులా ఉంది, తీయించండి అన్నారు. కురియన్ గారు ఇస్తానన్న ఉత్తరం కూడా జతచేయొద్దన్నారు. తీయించాను. దాని బదులు అందరు పిల్లలూ రాసేదే రాయించాను: చిన్నప్పుడు నానమ్మకు జబ్బు చేసింది, ఆ రోజే డాక్టరై మానవసేవ చేయాలని నిర్ణయించుకున్నాను. తహసీన్ రాస్తూ రాస్తూ ఆగి, "మేడం, మా దాదీకి ఏం జబ్బు లేకుండె" అంది. "రాయమ్మా, అందరూ ఇలాగే రాస్తారు" అన్నాను. రాసింది.

నా ఉత్తరం మాత్రం జోసెఫ్ కంప్యూటర్లోంచి తీయలేదు. అంత అన్యాయం చేయలేకపోయాను. రెండు సాయంత్రాలు కూర్చుని స్వయంగా రాశాను. ఎంత ప్రేమగా రాశానో చెప్పలేను. "ఈమె అణకువ గల పిల్ల. పెద్దలకు ఎన్నడూ ఎదురు చెప్పదు. ప్రశ్నించకుండా చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఇంత వినయం గల విద్యార్థిని నా సర్వీసులో చూడలేదు."

ప్రశ్నించకుండా! ఎవరి గురించి రాశాను నేను? క్లాసులో నన్ను ఊపిరి సలపనివ్వకుండా అడిగే పిల్ల గురించి. నేను అబద్ధం రాస్తున్నానని కూడా అనుకోలేదు. ఆడపిల్ల గురించి మంచి మాట చెప్పమంటే మన చేతికి అదే వస్తుంది. పెళ్ళివారికి చెప్పే నాలుగు మాటలు తీసుకెళ్ళి మెడికల్ కాలేజీకి రాశాను. కండక్ట్ సర్టిఫికెట్‌కు, సిఫారసు ఉత్తరానికి తేడా తెలియని తరం మాది. పైగా లోపల ఒక భయం. డ్రైవరు కూతురు, ప్రశ్నలడుగుతుందని రాస్తే పొగరనుకుంటారేమోనని.

ఇప్పుడు చెబుతున్నాను. చెప్పింది చెప్పినట్టు చేసింది ఆ పిల్ల కాదు, నేను. క్లినిక్ తీసేయమంటే తీసేశాను, ఉత్తరం వద్దంటే వద్దన్నాను. నా గుణమంతా ఆ పిల్లకు అంటగట్టి కవరు అంటించాను.

ఆ ఇంటర్వ్యూ

ఇంటర్వ్యూ మనామాలోని ఒక హోటల్లో జరిగింది. ఆ కాలేజీ నుంచి ముగ్గురు వచ్చారు. మధ్యాహ్నానికి తహసీన్ స్కూలుకు తిరిగొచ్చి, యూనిఫాం వేసుకుని నా ప్రాక్టికల్ క్లాసులో మైక్రోస్కోపు ముందు కూర్చుంది. క్లాసు అయ్యేదాకా ఆగలేక దగ్గరకెళ్ళాను.

"ఎలా జరిగింది?"

"మంచిగనే అయింది మేడం."

"ఏం అడిగారు?"

స్లైడు సర్దుతూ చెప్పింది. ఆ ముగ్గురిలో పెద్ద డాక్టరమ్మ నా ఉత్తరం చేతిలో పట్టుకుని అడిగిందట, "నువ్వు ఎవర్నీ ఎప్పుడూ ప్రశ్నించవని మీ టీచరు రాశారు. నిజమేనా?" అని.

"నువ్వేమన్నావు?"

"అవునన్న."

"అదేంటే తల్లీ! నువ్వా? ఎందుకన్నావ్ అలాగ?"

"మరెట్ల జెయ్యాలె మేడం? కాదంటే మీరు అబద్ధం రాసిండ్రని అయితది గద. వాళ్ళ ముంగట మిమ్మల్ని అట్ల చెయ్యాల్నా?"

ఆ తర్వాత ఆమె నన్ను ఓదార్చింది. నేను కాదు ఆమెను, ఆమే నన్ను. ఫర్వాలేదు మేడం, మిగతావన్నీ బాగా చెప్పానంది.

ముహర్రక్

బడి వదలగానే టాక్సీలో హోటలుకు వెళ్ళాను. వాళ్ళు ఖాళీ చేసి విమానాశ్రయానికి వెళ్ళిపోయారు. అదే టాక్సీలో వంతెన దాటి విమానాశ్రయం ఉన్న ముహర్రక్ వెళ్ళాను. కాలేజీ పేరున్న ఫైళ్ళు పట్టుకుని టికెట్ల వరసలో నిలబడి ఉంది ఆ డాక్టరమ్మ. నా పేరు చెప్పి, ఆయాసపడుతూ, నా ఉత్తరం తప్పు, ఆ పిల్ల అలాంటిది కాదు అని క్లినిక్ సంగతంతా చెప్పాను. నా ఇంగ్లీషు ఆ రోజు నాకు సరిగ్గా అందలేదు.

ఆమె ఓపిగ్గా విన్నది. "వ్యాసంలో ఇదేమీ లేదే?" అంది.

"నేనే తీయించాను."

"ఉత్తరంలోనూ లేదు."

"రాయలేదు."

"మార్కులు అందరికన్నా ఆమెవే ఎక్కువ. అందుకే ఆ వాక్యం గురించి ఆమెనే అడిగాను, కాదనడానికి అవకాశం ఇచ్చాను. ఆమె అవునంది. ఇప్పుడు మీరు వచ్చి మీ సంతకం నమ్మొద్దంటున్నారు. ఏ మాట నమ్మమంటారు మేడం?"

నా కోపం ఆమె మీద కూడా ఉంది, దాచుకోను. టీచరు మాట కాదంటే కళ్ళు పోతాయని నేర్పి పెంచిన పిల్లను పట్టుకుని, టీచరు కావాలా, సీటు కావాలా తేల్చుకోమన్నట్టు అడిగి దానికి అవకాశం అని పేరు పెడతారా? గల్ఫ్ స్కూళ్ళ నుంచి ఎన్ని ఉత్తరాలు చదివి ఉంటుందో, అన్నిట్లోనూ అణకువే ఉండి ఉంటుంది. ఈ మనుషులు ఇలా ఎందుకు రాస్తారని ఆమె ఒక్కసారైనా అడగలేదు. ప్రశ్నలు అడిగేవాళ్ళు కావాలట వాళ్ళకు!

స్కూలు కాగితం మీద రెండో ఉత్తరం రాస్తానంటే ప్రిన్సిపాల్ గారు ఒప్పుకోలేదు. తెల్లకాగితం మీదే రాసి పంపాను. సీటు ఇంకో దేశంలోని ఇంకో స్కూలు పిల్లవాడికి వెళ్ళింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏమవుతుంది?

వెళ్ళేవాళ్ళకు

ఇక మీకు చెప్పవలసింది. కంటితో చూసిన ఒక్క సంగతి లేని ఉత్తరం రాయకండి. చూడకపోతే వెళ్ళి చూడండి, అంత తీరిక లేకపోతే రాయనని ఆ పిల్లలకే చెప్పండి, ఇంకొకరిని వెతుక్కుంటారు. తండ్రులు టైపు చేయించి తెచ్చిన కాగితాన్ని వాళ్ళ చేతికే తిరిగివ్వండి. లేని నానమ్మ జబ్బులు రాయించకండి, ఉన్న శుక్రవారాలు తీసేయించకండి. నమ్రత, వినయం, సత్ప్రవర్తన అనే మాటలు కలంలోకి వస్తే కలం కింద పెట్టి మంచినీళ్ళు తాగి రండి.

ఇంకొకటి, ఇది నిబంధనలకు విరుద్ధం. సీలు వేసే ముందు ప్రతి ఉత్తరాన్నీ పిల్లలకు చదివి వినిపించేదాన్ని, తహసీన్ తర్వాత. "ఇందులో నీది కానిదేమైనా ఉందా?" అని అడిగేదాన్ని. రహస్యంగా ఉండవలసిన ఉత్తరం చూపిస్తున్నానని నాకు రెండు మెమోలు వచ్చాయి. చదివి వినిపించడం మానలేదు. ఎంతమంది పిల్లలు "టీచర్, ఇది నేను కాదు" అన్నారో మీరు నమ్మరు.

జబ్బార్ భాయ్

ఫలితం వచ్చిన వారానికి జబ్బార్ భాయ్ స్కూలుకు వచ్చాడు. చేతిలో వేడి రొట్టెల పొట్లం. స్టాఫ్ రూము గుమ్మంలోనే నిలబడ్డాడు. తహసీన్‌ను జగిత్యాల పంపిస్తున్నామని, అక్కడ ఉండి డిగ్రీ చదువుతుందని చెప్పాడు. ఆ పిల్ల తర్వాత అక్కడే చదివి ఒక రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగంలో చేరింది. డాక్టరు కాలేదు.

"మీరు చానా మంచిగ రాసిండ్రంట మేడం. మా బిడ్డ చెప్పింది. నసీబ్‌ల లేకుంటే ఎవలేం చేస్తరు. మీ మేలు మర్వ" అన్నాడు.

పొట్లం నా వైపు చాపాడు.

"చిన్నది రుక్సానా తొమ్మిదో క్లాసుల ఉన్నది. అదీ డాక్టరే అంటున్నది. దానికి గూడ మీరే రాయాలె మేడం. గిట్లనే మంచిగ."

అక్కడితో ఊరుకుని ఉండొచ్చు. ఆ రొట్టెలు తీసుకుని, తప్పకుండా జబ్బార్ భాయ్ అని ఉండొచ్చు. ఊరుకోలేకపోయాను. ఆయన్ని కూర్చోమని, ఉత్తరంలో ఏం రాశానో, హోటల్లో ఏం అడిగారో, తహసీన్ ఏమందో, ఎందుకందో మొత్తం చెప్పాను. ఆయన చేతుల వంక చూసుకుంటూ విన్నాడు.

"గీ సంగతి మా బిడ్డకు ఎర్కేనా?" అన్నాడు చివరికి.

"తెలుసు."

"నాకు చెప్పలే."

"నన్ను కాపాడింది జబ్బార్ భాయ్."

ఆయన లేచాడు. రొట్టెల పొట్లం నా బల్ల మీద జాగ్రత్తగా పెట్టాడు. ముఖంలో కోపం లేదు, గొంతు పెంచలేదు, మర్యాద తప్పలేదు.

"చిన్నదానికి మీరు రాయకుండ్రి మేడం" అన్నాడు.

రాయలేదు. రుక్సానా ఉత్తరం రసాయనశాస్త్రం టీచరు రాసింది.